కవి పేరు లేని ప్రశ్న

పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం తిప్పగానే ఎన్నడూ చూడని కవిత ఒకటి కనిపిస్తుంది. దాని మీద వ్యాసం రాయాలి. ఏడాదంతా బట్టీపట్టిన ప్రతిపదార్థాలు అక్కడ అక్కరకు రావు. ఆ కవిత పాఠ్యపుస్తకంలో ఉండదు, గైడులో ఉండదు, మాస్టారి నోట్సులోనూ ఉండదు. అందుకే చదివే పిల్లల్ని కూడా ఈ ప్రశ్న భయపెడుతుంది. నిజానికి ఇందులో ఒక సదుపాయం ఉంది. హాల్లో ఉన్న ఏ ఒక్కరికీ ఆ కవిత తెలియదు. ముందే తెలిసి ఉండటం వల్ల వచ్చే లాభం ఎవరికీ లేదు. కావలసినదంతా ఆ కాగితం మీదే ఉంది.

మన రెండు రాష్ట్రాల పదో తరగతి పిల్లలకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. తెలుగు పేపరులో అపరిచిత పద్యం ఇచ్చి కింద చిన్న ప్రశ్నలు అడగడం వాళ్ళకు అలవాటే. అయితే అక్కడ ఒక్కో ప్రశ్నకు ఒక్క వాక్యం చాలు. కేంబ్రిడ్జి, ఐబీ సిలబస్‌లు చెప్పే ఇంటర్నేషనల్ స్కూళ్ళలోనూ, ఇంగ్లండులో జీసీఎస్‌ఈ రాసే తెలుగు పిల్లలకూ ఇదే ప్రశ్న పూర్తి వ్యాసంగా వస్తుంది. ఒక్క వాక్యం నుంచి మూడు పేజీలకు వెళ్ళడం ఎలాగన్నదే అసలు చిక్కు.

దిద్దేవారు చూసేదేమిటి?

ఇంగ్లండులో ఎక్కువమంది విద్యార్థులు రాసే ఏక్యూఏ బోర్డు వారి జీసీఎస్‌ఈ ఇంగ్లీషు సాహిత్యం రెండో పేపరు తీసుకుందాం. మొత్తం 96 మార్కులు, 2 గంటల 15 నిమిషాలు. అందులో 32 మార్కులు అపరిచిత కవితలవే. మొదటి కవిత మీద వ్యాసానికి 24 మార్కులు. తర్వాత రెండో కవిత ఇచ్చి, రెండింటినీ పోల్చమనే ప్రశ్నకు 8. ఆ 24 మార్కుల్లో సగం, కవితను అర్థం చేసుకుని అందులోని మాటలను ఆధారంగా చూపినందుకు. మిగతా సగం, కవి వాడిన భాష, రూపం, నిర్మాణం ఎలా పనిచేస్తున్నాయో వివరించినందుకు. కవి జీవితం, కాలం, చరిత్ర వంటి నేపథ్యానికి ఈ భాగంలో ఒక్క మార్కు కూడా లేదు.

ఈ లెక్క చూస్తే చాలా భయాలు వాటంతటవే పోతాయి. కవి ఎవరో తెలియనందుకు నష్టం లేదు. 'అసలు' అర్థం ఒకటి ఎక్కడో దాక్కుని ఉందనీ, అది దొరకకపోతే సున్నా అనీ అనుకోనక్కర్లేదు. దిద్దేవారు మీ ప్రతి వాక్యం దగ్గరా మనసులో అడిగే ప్రశ్న ఒక్కటే: 'ఏ మాట చూసి ఇలా అంటున్నావు?' దానికి మీ వ్యాసంలో జవాబు ఉంటే మార్కు ఉంటుంది. సాక్ష్యం లేని వాదన కోర్టులో ఎంత నిలుస్తుందో, కవితలోని మాట చూపని వ్యాఖ్య పరీక్షలోనూ అంతే నిలుస్తుంది.

కేంబ్రిడ్జిలో జరిగిన ప్రయోగం

కవి పేరు చెప్పకుండా కవిత ఇచ్చి అభిప్రాయం రాయమనే పద్ధతికి పేరు తెచ్చినవాడు ఐ.ఎ. రిచర్డ్స్. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆయన తన తరగతికి వచ్చేవాళ్ళకు కవితలు పంచి, కవి ఎవరో చెప్పకుండా, తోచింది రాసి తెమ్మన్నాడు. జాన్ డన్, హాప్కిన్స్, హార్డీ, లాంగ్‌ఫెలో వంటి పెద్ద కవుల రచనలూ వాటిలో ఉన్నాయి. అలా వచ్చిన జవాబులను పోగుచేసి, 13 కవితల మీద విశ్లేషణగా 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అనే పుస్తకం వేశాడు.

రాసినవాళ్ళలో చాలామంది సాహిత్య విద్యార్థులే. అయినా పేరు కనపడకపోయేసరికి ఎంతోమంది తడబడ్డారు. ఎక్కడెక్కడ తడబడ్డారో రిచర్డ్స్ పది రకాలుగా వర్గీకరించాడు. ఆ పట్టికలో మొదటిది గూఢార్థమో అలంకారమో కాదు, వాక్యానికి మామూలు అర్థం తెలియకపోవడం. ఎవరు ఎవరితో ఏమంటున్నారో పట్టుకోకుండానే గొప్ప గొప్ప భావాలు రాసేశారు. మరికొందరు కవితలోని ఏదో ఒక మాట చూసి తమ సొంత జ్ఞాపకంలోకి వెళ్ళిపోయారు. ఇంకొందరు కవిత ఏ విషయం మీదో చూసి, ఆ విషయానికి లోకంలో సిద్ధంగా ఉన్న అభిప్రాయాన్నే తిరిగి రాశారు.

ఇన్నేళ్ళ తర్వాతా పరీక్షల్లో మార్కులు పోయేది ఈ మూడు చోట్లే. కాబట్టి చేయవలసిన పని కూడా ఇదే వరుసలో ఉండాలి.

చేసి చూద్దాం

మాటల్లో చెప్పేకంటే ఒక కవిత పట్టుకుని చూడటం మేలు. ఎవరికీ ముందే తెలిసి ఉండకూడదు కాబట్టి ఈ పది పంక్తులు ఈ వ్యాసం కోసమే రాసినవి. ప్రశ్న: 'ఈ కవితలో తల్లీకొడుకుల అనుబంధాన్ని ఎలా చూపారు?'

కొలత

ప్రతి జూన్‌లో, బడి తెరిచే ముందు,
మా వీధి దర్జీ నా భుజాలు కొలిచేవాడు.
"ఒక వేలు వదులుంచు, పెరుగుతాడు" అనేది అమ్మ.
వదులు చొక్కాలో ఏడాదంతా ఆడుకునేవాణ్ణి;
చొక్కా నాకు సరిపోయేసరికి మళ్ళీ జూన్.

ఇవాళ అమ్మ ఆది జాకెట్టు తీసుకుని నేనే వెళ్ళాను.
మిషను మీద ఇప్పుడు దర్జీ కొడుకు.
పాతవన్నీ వదులయ్యాయని చెప్పాను.
"ఎంత తగ్గించమంటారు?" అన్నాడు.
నేను ఒక వేలు చూపించాను.

మొదటిసారి: ఏం జరిగింది?

పెన్సిలు పక్కన పెట్టి ఒకసారి నెమ్మదిగా చదవండి. తర్వాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మాట్లాడుతున్నది ఎవరు? ఎవరి గురించి? ఎప్పుడు? ఏం జరిగింది? జవాబు రెండు వాక్యాల్లో రావాలి. 'చిన్నప్పుడు తల్లి ఏటా కొడుకుకు పెరిగే కొలత చూసుకుని చొక్కాలు కుట్టించేది. ఇప్పుడు పెద్దవాడైన ఆ కొడుకు తల్లి జాకెట్లు వదులైపోతే తగ్గించి కుట్టించడానికి వెళ్ళాడు.' మనం బడిలో తాత్పర్యం అని రాసేది ఇదే. ఇది తప్పితే పైన కట్టేదంతా కూలిపోతుంది. అలాగని ఇది రాసి ఊరుకుంటే వ్యాసం కాదు. మూడు పేజీల జవాబులో దీనికి రెండు వాక్యాలకు మించి చోటు ఇవ్వకండి.

ఇక్కడే మరో జాగ్రత్త. కవితలో 'నేను' అన్నంత మాత్రాన ఆ 'నేను' కవే కానక్కర్లేదు. 'పెరుగుతాడు', 'ఆడుకునేవాణ్ణి' అన్న క్రియలను బట్టి చెప్పేది కొడుకు అని మాత్రం తెలుస్తోంది. కాబట్టి 'కవి తన తల్లిని తలుచుకున్నాడు' అని రాయకుండా 'కవితలో మాట్లాడే కొడుకు' అని రాయడం సురక్షితం.

రెండోసారి: ఏమి మారింది?

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. మూడు రకాల చోట్ల గీత గీయండి: మళ్ళీ మళ్ళీ వచ్చిన మాట, ఉన్నట్టుండి మారిన చోటు, ఉండవలసి ఉండీ లేనిది.

'వదులు' అన్నది మూడుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లు అది పెరగబోయే పిల్లవాడి కోసం కావాలని ఉంచిన జాగా. మూడోసారి అది కుదించుకుపోతున్న శరీరం. 'ఒక వేలు' రెండుసార్లు వచ్చింది. తల్లి నోట అది కలపడానికి కొలత, కొడుకు చేతిలో తీసెయ్యడానికి కొలత.

మారిన చోటు ఆరో పంక్తి. కవిత ఐదేసి పంక్తుల రెండు భాగాలుగా సరిసమానంగా విడింది. మొదటి భాగంలో క్రియలన్నీ అలవాటును చెప్పేవి: కొలిచేవాడు, అనేది, ఆడుకునేవాణ్ణి. ఏటా జరిగేవి, ఎన్నో ఏళ్ళు జరిగినవి. రెండో భాగంలో వెళ్ళాను, చెప్పాను, అన్నాడు, చూపించాను. ఒక్క రోజున ఒక్కసారి జరిగినవి. చిన్నతనం తిరిగి తిరిగి వచ్చే జూన్‌లా ఉంటే, ఇవాళ్టి సంగతి మళ్ళీ వెనక్కి తిరగనిదిగా ఉంది.

ఇక లేనివి. రెండో భాగంలో అమ్మ లేదు, ఆమె ఆది జాకెట్టు మాత్రమే ఉంది. దుఃఖం అన్న మాట లేదు, ముసలితనం అన్న మాట లేదు, జబ్బు పేరు లేదు. పాత దర్జీ కూడా లేడు, మిషను మీద అతని కొడుకు ఉన్నాడు. ఒక తరం పక్కకు తప్పుకుందని చెప్పకుండానే తెలుస్తోంది. చెప్పిన మాటల వెనక చెప్పని అర్థం స్ఫురించడాన్ని తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు ధ్వని అని, దాన్ని కావ్యానికి ఆత్మగా చెప్పాడు. పరీక్షలో ఆయన పేరు రాయనక్కర్లేదు. ఏ మాట లేకపోవడం వల్ల ఏది స్ఫురిస్తోందో రాస్తే చాలు.

ఇక్కడ ఒక హద్దు గుర్తుపెట్టుకోవాలి. అమ్మ దుకాణానికి ఎందుకు రాలేదో కవిత చెప్పలేదు. 'ఆమెకు క్యాన్సర్ వచ్చింది' అని రాస్తే అది మీ కథ అవుతుంది. 'పాతవన్నీ' అన్నాడు కాబట్టి ఒక జాకెట్టు సాగిపోవడం కాదు, ఆమే తగ్గిపోయింది అని రాయొచ్చు. దానికి కవితలో మాట ఉంది. ముసలితనమా, జబ్బా అన్నది కవిత తేల్చలేదు కాబట్టి 'వయసు వల్లనో అనారోగ్యం వల్లనో' అని తెరిచి ఉంచండి.

ఒక్క వాక్యంలో మీ మాట

పెన్సిలు గుర్తులు ఎన్ని ఉన్నా, వాటిని కలిపే దారం లేకపోతే వ్యాసం జాబితా అయిపోతుంది. కాబట్టి రాయడం మొదలుపెట్టే ముందు చిత్తుగా ఒక్క వాక్యం రాసుకోండి. ఈ కవితకైతే: 'ఒకప్పుడు తల్లి కొడుక్కి వాడిన కొలతనే కొడుకు ఇప్పుడు తల్లికి వాడవలసి రావడం ద్వారా, సంరక్షణ బాధ్యత చేతులు మారడాన్ని ఈ కవిత ఏ శోకపదమూ వాడకుండా చూపుతుంది.' ఈ వాక్యంలో రెండు సగాలున్నాయని గమనించండి. మొదటిది కవిత ఏం చెబుతోందో, రెండోది ఎలా చెబుతోందో. ప్రశ్నలో 'ఎలా చూపారు' అన్న మాట ఉన్నప్పుడు రెండో సగం లేని జవాబు సగం జవాబే.

ఒకే కవిత, రెండు జవాబులు

ఇలాంటి పరీక్షల్లో తరచుగా కనిపించే తీరులో ఒక పేరా చూడండి:

'ఈ కవితలో కవి తల్లి ప్రేమను చక్కగా వర్ణించాడు. తల్లిని మించిన దైవం లేదు. మనమందరం తల్లిదండ్రులను వృద్ధాప్యంలో చూసుకోవాలి. కవి సరళమైన భాష వాడాడు. "వదులు" అన్న పదం మూడుసార్లు వచ్చింది. ఇది పునరుక్తి. సంభాషణలు కూడా ఉన్నాయి. ఇవి కవితకు అందం తెచ్చాయి.'

ఇందులో పచ్చి అబద్ధం ఏమీ లేదు. అయినా మార్కులు రావు. మొదటి మూడు వాక్యాలు తల్లి మీద రాసిన ఏ కవితకైనా అతుకుతాయి. కవితను చదవకుండా 'అమ్మ' అన్న మాట ఒక్కటి చూసినా రాసేయొచ్చు. రిచర్డ్స్ చెప్పిన సిద్ధంగా ఉన్న అభిప్రాయం అంటే ఇదే. చివరి వాక్యాలు పేర్లు పెట్టి వదిలేశాయి. పునరుక్తి ఉందని దిద్దేవారికీ కనిపిస్తోంది. అది ఉండటం వల్ల ఏమైందో చెప్పమనే అడుగుతున్నారు. 'కవితకు అందం తెచ్చింది' అన్నది జవాబు తప్పించుకునే వాక్యం.

ఇప్పుడు ఇది:

'తల్లీకొడుకుల మధ్య బాధ్యత తారుమారు కావడం "వదులు" అన్న మాటలో కనిపిస్తుంది. "ఒక వేలు వదులుంచు, పెరుగుతాడు" అన్న తల్లి మాటలో వదులు అంటే నమ్మకం. కొడుకు రేపు ఎంత అవుతాడో ఆమె ఇవాళే లెక్కలో వేసుకుంది. రెండో భాగంలో "పాతవన్నీ వదులయ్యాయి" అన్నప్పుడు అదే మాట క్షీణతను సూచిస్తుంది. "అన్నీ" అనడం వల్ల లోపం బట్టలో కాదు, మనిషిలోనే తగ్గుదల ఉందని తెలుస్తుంది. చివరకు కొడుకు మాట్లాడకుండా వేలు చూపించి ఊరుకుంటాడు. తల్లి ధీమాగా పైకి అన్న కొలతను అతను నోటితో చెప్పలేకపోయాడని అనిపిస్తుంది. లేదా ఆమె నేర్పిన కొలతే అతనికి తెలుసు కాబట్టి దాన్నే వాడాడనీ అనుకోవచ్చు. రెండు విధాలా చూసినా, తల్లి పద్ధతి కొడుకు చేతిలోకి వచ్చింది.'

పొడవులో తేడా ఉంది కానీ మార్కులు పొడవుకు కాదు. ఈ పేరాలో ప్రతి వ్యాఖ్య వెంటా కవితలోని మాట ఉంది. ఎత్తి చూపిన మాటలు చిన్నవి, పంక్తులకు పంక్తులు దింపలేదు. చివర్లో రెండు అర్థాలు సాధ్యమని చెప్పి, రెండింటికీ కారణం చూపింది. 'అనిపిస్తుంది', 'అనుకోవచ్చు' అనడం పిరికితనం కాదు. ఉన్న ఆధారం ఎంతవరకు వస్తుందో అంతవరకే చెప్పడం. అయితే ప్రతి వాక్యాన్నీ అలా ముగిస్తే మాత్రం మీకే నమ్మకం లేనట్టు కనిపిస్తుంది.

వ్యాసం కట్టుబడి

పరిచయం నాలుగు వాక్యాలు దాటనివ్వకండి. తాత్పర్యం రెండు వాక్యాలు, మీ ప్రధానమైన మాట ఒకటి. 'కవిత్వం హృదయ స్పందన' వంటి ఎత్తుగడలు కొట్టేయండి. తర్వాత మూడు పేరాలు. ఈ కవితకైతే మొదటిది మాటల గురించి (వదులు, ఒక వేలు), రెండోది నిర్మాణం, కాలం గురించి (రెండు భాగాలు, మారిన క్రియలు, తిరిగి వచ్చే జూన్), మూడోది మౌనం గురించి (కనిపించని అమ్మ, మారిన దర్జీ, చివరి సైగ). ముగింపులో మొదట చెప్పినదాన్నే తిప్పి చెప్పకుండా, చివరి పంక్తి మొత్తం కవితను ఎలా మార్చిందో రాయండి. చివరి పంక్తి చదివాక మొదటి భాగంలోని సరదా కూడా వేరుగా కనిపిస్తుంది కదా, ఆ సంగతి.

సమయం మాటకొస్తే, కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈ సాహిత్యంలో అపరిచిత రచన పేపరుకు ఇచ్చేది 1 గంట 15 నిమిషాలు. అందులో సుమారు 20 నిమిషాలు చదవడానికీ ప్రణాళిక వేసుకోవడానికీ వాడుకోమని ప్రశ్నపత్రం మీదే సలహా ఇస్తారు. పక్కవాడు రెండో పేజీ తిప్పుతుంటే మనం ఇంకా పెన్సిలు పట్టుకుని కూర్చోవడం కష్టమే. కానీ ఆ 20 నిమిషాలు మిగిలిన 55 నిమిషాల దిక్కుతోచనితనాన్ని తప్పిస్తాయి.

రెండు కవితలు పోల్చమన్నప్పుడు 'ఇందులో తల్లి ఉంది, అందులో తండ్రి ఉన్నాడు' అని విషయాలు పోల్చి ఆగకండి. ఒకటి సైగతో ముగిస్తే రెండోది ప్రశ్నతో ముగిసిందా? ఒకదానిలో సంభాషణ ఉంటే రెండోది ఒంటరి గొంతా? దాని వల్ల చదివేవాడికి కలిగే భావంలో తేడా ఏమిటి? ఏక్యూఏ పేపరులో ఆ 8 మార్కులూ ఈ పద్ధతుల పోలికకే.

ఛందస్సులో ఉన్న పద్యమైతే

తెలుగు పేపరులో వృత్తమో సీసమో ఇచ్చినప్పుడు ముందు పని అన్వయం. సంధులు విడదీసి, క్రియ ఎక్కడుందో వెతికి, 'ఎవరు?', 'దేన్ని?' అని ఆ క్రియనే అడగండి. పద్యంలో క్రియ ఎక్కడైనా ఉండొచ్చు, కర్త నాలుగో పాదంలో ఉండొచ్చు. తెలియని మాట ఒకటో రెండో ఉంటే వాటి దగ్గర ఆగిపోకుండా, తెలిసిన వాటితో వాక్యం కూర్చి చూడండి.

తర్వాత మలుపు ఎక్కడుందో చూడండి. సీసానికి చివర ఆటవెలదో తేటగీతో ఉంటుంది. సీస పాదాల్లో వరుసగా పేర్చినవి తరచుగా ఆ గీతంలోకి వచ్చేసరికి ఒక ముగింపుకు చేరతాయి. వేమన ఆటవెలదుల్లో చాలావాటికి మొదటి రెండు పాదాల్లో లోకంలో చూసిన సంగతి, మూడో పాదంలో దాని సారం, నాలుగో పాదంలో మకుటం. గణాలు గుర్తించి, యతి ప్రాసలు చూపి వదిలేస్తే అది ఛందస్సు జవాబు. పద్యరూపం భావాన్ని ఎలా నడిపిందో చెబితే అది విశ్లేషణ. ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు అంటూ మనకు అలవాటైన వరుస చెడ్డదేమీ కాదు. చాలామంది పిల్లలు విశేషాల దగ్గర అలంకారం పేరు ఒకటి రాసి పేపరు మడిచేస్తారు. అక్కడే మరో ఐదు వాక్యాలు రాయగలిగితే అపరిచిత పద్యం మీద వ్యాసం సగం వచ్చినట్టే.

ఇంట్లో సాధన

దీనికి ప్రత్యేకంగా కోచింగ్ అక్కర్లేదు. ఆదివారం అనుబంధంలోనో సాహిత్య పత్రికలోనో వచ్చిన చిన్న కవిత ఒకటి తీసుకోండి. కవి పేరు వేలితో మూసేయండి. రెండు వాక్యాల్లో ఏం జరిగిందో చెప్పండి. తిరిగి వచ్చిన మాట ఒకటి, మారిన చోటు ఒకటి, లేనిది ఒకటి పట్టుకోండి. ఒక్క పేరా రాయండి. రాశాక ప్రతి వాక్యం పక్కనా 'ఏ మాట చూసి?' అని అడిగి, జవాబు లేని వాక్యాన్ని కొట్టేయండి. మొదట్లో పేరాలో సగం ఎగిరిపోతుంది. కొన్నాళ్ళకు అలాంటి వాక్యాలు పెన్ను చివరికే రావు.

తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఒక మనవి. పిల్లలు ఏదైనా కవిత చదివినప్పుడు 'దీని భావమేమిటి?' అని అడిగి, మన దగ్గరున్న జవాబుతో సరిపోల్చి తప్పొప్పులు చెప్పకండి. 'నీకు అలా ఎందుకు అనిపించింది, ఏ మాట దగ్గర?' అని అడగండి. మనకు తోచని అర్థం చెప్పినా, కవితలో మాట చూపించగలిగితే ఒప్పుకోండి. చూపించలేకపోతే, మనకు తోచిన అర్థమే చెప్పినా ఒప్పుకోకండి. పరీక్షలో మార్కులు వేసే పద్ధతి కూడా ఇదే.